సిలిండర్ తీసినా గాలి ఉంటుంది: పీసీపీ రైఫిల్ విప్పేవారికి జాగ్రత్తలు

పోయిన వారం చిత్తూరులో పది మీటర్ల పీసీపీ రైఫిల్ (సిలిండర్‌లో ముందే నింపిన అధిక పీడన గాలితో పెల్లెట్‌ను కాల్చేది) సాధన చేసే ఒక కుర్రవాడి వేలు చితికింది. సిలిండర్‌కు రావలసినన్ని షాట్లు రావడం లేదని ఇంట్లోనే రైఫిల్ విప్పబోయాడు. సిలిండర్ తీసి పక్కన పెట్టాడు. ట్రిగ్గర్ నొక్కితే టక్కుమన్న చప్పుడే తప్ప గాలి రాలేదు. ఖాళీ అయిందనుకుని వాల్వు బిగింపు వదులు చేశాడు. లోపలి ముక్క ఒక్క ఉదుటున బయటికి దూసుకొచ్చింది.

సెలవులొచ్చాయంటే మన తిరుపతి, చిత్తూరు పిల్లలకు బోలెడంత సమయం, ఫోనులో బోలెడన్ని వీడియోలు. అందుకే ఇప్పుడు చెబుతున్నాను. తుపాకీ మనిషివైపు చూపకూడదు, కళ్లద్దాలు పెట్టుకోవాలి వంటివి తెలియనివారు ఈ పనికి దిగనే కూడదు. వాటి జోలికి పోను.

సిలిండర్‌కు ఎక్కువ షాట్లు రావాలంటే గాలి పొదుపు చేయాలి, ఆ సంగతి తేలికే. ట్రిగ్గర్ నొక్కితే హ్యామర్ అనే చిన్న సుత్తి కొట్టగానే గాలిని వదిలే వాల్వు తెరుచుకుంటుంది. పెల్లెట్ గొట్టం దాటిపోయాక కూడా అది తెరిచే ఉంటే ఆ గాలంతా దండగ. కాబట్టి హ్యామర్ స్ప్రింగు బిగువును కొద్దికొద్దిగా తగ్గిస్తూ పెల్లెట్ వేగం కొలిచే క్రోనోగ్రాఫ్‌లో వేగం చూస్తారు. మొదట వేగంలో పెద్ద తేడా రాదు, ఒకచోట నుంచి పడిపోతుంది. ఆ మలుపు దగ్గర ఆగాలి. పది మీటర్ల పోటీకి సెకనుకు 170-175 మీటర్లు చాలు, కాగితానికి చిల్లు పెట్టడానికి అంతకన్నా అక్కరలేదు. చాలా రైఫిళ్లలో ఈ సర్దుబాటుకు బయటి నుంచి అలెన్ కీ సరిపోతుంది. ఇక్కడితో ఆగేవారికి ప్రమాదం తక్కువ. కానీ ఆగరు, అదే బాధ.

సిలిండర్ గాలి ఒత్తిడిని తగ్గించి ఒకే స్థాయిలో ఉంచే రెగ్యులేటర్ ఉన్న రైఫిల్‌లో గాలి రెండు చోట్ల ఉంటుంది: సిలిండర్‌లో, ఆపైన రెగ్యులేటర్‌కూ వాల్వుకూ మధ్య ఉన్న చిన్న గదిలో. సిలిండర్ మీది గేజి ఆ గది గురించి ఏమీ చెప్పదు. సిలిండర్ తీసేసినా కొన్ని రైఫిళ్లలో ఆ గదిలోని గాలి అక్కడే చిక్కుకుంటుంది. కారు టైరులో ఉండే ఒత్తిడి సుమారు 2 బార్ (బార్ అంటే ఒత్తిడి కొలత). ఇక్కడ దానికి ముప్పై రెట్లు, అంతకు మించి కూడా ఉండవచ్చు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. రెగ్యులేటర్ సీటు (లోపల గాలిని ఆపే భాగం) అరిగితే సిలిండర్ గాలి మెల్లగా కారి గదిలో ఒత్తిడి పెరుగుతూ పోతుంది. మీరేమో పొదుపు కోసం స్ప్రింగు వదులు చేసి ఉంటారు. నీరసించిన హ్యామర్ ఆ ఒత్తిడికి ఎదురుగా వాల్వును తెరవలేదు. ట్రిగ్గర్ నొక్కితే టక్కుమంటుంది, గాలి రాదు, లోపల మాత్రం నిండుగా ఉంటుంది. టక్కుమంటే ఖాళీ అని కాదు. ఈ ఒక్క పొరపాటు దగ్గరే మంచి పనివాళ్లు కూడా వేళ్లు పోగొట్టుకోవడం చూశాను.

విప్పక తప్పదంటే ముందు స్ప్రింగును పాత బిగువుకు తెండి. గాలి వదిలే స్క్రూ ఉంటే తయారీదారు చెప్పిన పద్ధతిలో దానితోనే వదలండి. లేకపోతే పెల్లెట్ పెట్టకుండా, ఇసుక బస్తావైపు చూపి, బుస్సుమనే శబ్దం క్రమంగా తగ్గి ఆగేదాకా కాల్చండి. ఆ తగ్గడం వినాలి. మొదటి నుంచీ టక్కుమనే అంటే చేతులు తీసేయండి. ఆ రకం రైఫిల్ తెలిసిన పనివాడికి, లోపల గాలి ఉందని చెప్పి మరీ అప్పగించండి.

ఇక సిలిండర్లు. 25 డిగ్రీల దగ్గర 200 బార్ నింపింది ఎండలో ఆపిన కారులో 60 డిగ్రీలకు చేరితే 220 దాటుతుంది. మే నెలలో తిరుపతి ఎండ గురించి మీకు చెప్పాలా? గడువు తేదీ చూడండి, చాలా సిలిండర్లకు అది పదేళ్లే. చౌకగా వచ్చిందని పాతది కొనవద్దు.

ఆక్సిజన్ సిలిండర్ నుంచి ఎప్పుడూ నింపవద్దు. వెల్డింగు షాపులో చేతికందేది అదే, కానీ ఆ పీడనంలో ఆక్సిజన్‌కు జిడ్డు తగిలితే మండి పేలుతుంది. మిషన్ ఆయిల్ వద్దు. కొబ్బరినూనె అసలే వద్దు. ఓ-రింగులకు (గాలి కారకుండా ఆపే రబ్బరు వలయాలకు) సిలికాన్ గ్రీజు, అదీ పలుచగా. చేతిపంపు వేడెక్కితే ఆపండి. గాలి ఉండగా రెగ్యులేటర్ ఒత్తిడి తగ్గించవద్దు. గాలి ఉండగా గేజి ముట్టుకోవద్దు. కారుతున్న జాయింటును బిగించవద్దు, ముందు గాలి తీయండి. టక్కుమందని విప్పవద్దు. సిలిండర్ తీశానుగా అని విప్పవద్దు. విప్పే మరకు ఎదురుగా ముఖం పెట్టవద్దు. పొదుపు పేరుతో మొదలుపెట్టి బలం పెంచుకోవద్దు: శక్తి 20 జౌళ్లు దాటినా, గొట్టం 4.5 మిల్లీమీటర్లు మించినా లైసెన్సు కావాలి. పనయ్యాక పరీక్షించడానికి శేషాచలం అడవి అంచుకు పోవద్దు.