మాగ్నెన్షియస్ నాణెం: తోమకముందే చూడాల్సినవి

బరంపురం, పర్లాకిమిడి వైపు నాణేలు సేకరించేవాళ్లు వేలంలో రోమన్ రాగి బిళ్ల కొంటే చింతపండు జోలికి పోవద్దు. ఇత్తడి బిందెకు అది సరే, పాత నాణేనికి మాత్రం ఆ పులుపు చిలుముతోపాటు అక్షరాలనూ తినేస్తుంది.

ముందు బొమ్మ వైపు చూడండి. నాలుగో శతాబ్దపు రోమన్ చక్రవర్తులు ముత్యాల పట్టీ కట్టుకుని కనిపిస్తారు. మాగ్నెన్షియస్ మాత్రం సాధారణంగా ఒట్టి తలతోనే ఉంటాడు, చాలా నాణేల్లో తల వెనక ‘ఎ’ అక్షరం ఉంటుంది. క్రీ.శ. 350 జనవరి 18న గాల్‌లో (నేటి ఫ్రాన్స్ ప్రాంతం) తిరుగుబాటు చేసి చక్రవర్తి కాన్‌స్టాన్స్‌ను కూలదోసినవాడు ఇతనే. 353 ఆగస్టులో లియాన్‌లో ఆత్మహత్య చేసుకున్నాడు. అంటే నాణేలన్నీ మూడున్నరేళ్లవే.

తర్వాత బొరుసు. గుర్రం మీది యోధుడు శత్రువును పొడుస్తుంటే తొలినాళ్లది. ఇద్దరు విజయదేవతలు దండ పట్టుకుంటే మరో రకం. పెద్ద క్రీస్తు గుర్తు (గ్రీకులో క్రీస్తు పేరు మొదటి రెండక్షరాల కలయిక), దానికి అటూఇటూ గ్రీకు అక్షరాలు ఆల్ఫా, ఒమేగా ఉంటే చివరి రకం. అందరికీ కావాల్సింది ఇదే, పొరబడేదీ ఇక్కడే: ట్రియర్ నగరం (నేటి జర్మనీలో) మాగ్నెన్షియస్‌కు ఎదురుతిరిగి ఇదే గుర్తును అతని ప్రత్యర్థి చక్రవర్తి కాన్‌స్టాంటియస్ పేరిట కొట్టింది. కాబట్టి బొరుసు చూసి మురిసిపోకుండా బొమ్మ వైపు పేరు చదవండి. లాటిన్ ‘యు’ అక్కడ ‘వి’లా ఉంటుంది. డెసెంటియస్ అని ఉంటే అది మాగ్నెన్షియస్ సోదరుడిది.

కింది అంచున టంకశాల గుర్తు: ‘టి ఆర్’ ట్రియర్, ‘ఎ ఎమ్ బి’ అమియాన్.

ఇక తూకం. బంగారు కొట్టు ఎలక్ట్రానిక్ కాటా చాలు. క్రీస్తు గుర్తువి మొదట్లో సుమారు 8 గ్రాములు, 27 మిల్లీమీటర్లు. తర్వాత తగ్గుతూ వచ్చాయి, అందుకే తేలికగా ఉందని నకిలీ అనెయ్యకండి. అంచు చుట్టూ అతుకు గీత, ఉపరితలం మీద బుడగల గుంటలు కనిపిస్తే అచ్చుపోసిన నకిలీ అని అనుమానించండి. అక్షరాలు తప్పులతడకగా ఉంటే ఆనాటి గాల్ నకలు కావచ్చు, దానికీ కొనేవాళ్లున్నారు.

మట్టి పోవాలంటే డిస్టిల్డ్ నీళ్లలో వారాల తరబడి నానబెట్టి, రెండు మూడు రోజులకోసారి నీళ్లు మార్చి, టూత్‌పిక్‌తో మెల్లగా గీకండి. ఆ నీళ్లు బ్యాటరీ షాపులో అడిగేటప్పుడు యాసిడ్ కాదని చూసుకోండి. లేత ఆకుపచ్చ పొడి రాలుతుంటే అది చిలుము కాదు, ఉప్పు తేమతో కలిసి లోహాన్ని తింటోందని అర్థం. తీరపు గాలికి ఇది త్వరగా ముదురుతుంది. ఆ నాణేన్ని వేరుచేసి, గట్టి మూత డబ్బాలో సిలికా జెల్ వేసి ఉంచండి. పీవీసీ కవర్లలో పెట్టకండి.