నాచురల్ డై దుపట్టాల బిజినెస్: నీళ్ళు, రంగు, గుడ్డ వృథా కాకుండా ఎలా నడపాలి?

ఇంట్లో కాటన్ దుపట్టాలకి రంగులేసి అమ్మేవాళ్ళు ఇప్పుడు చాలామందే ఉన్నారు. పూలతో, తొక్కలతో వేసిన రంగే కదా ఇంకేం పర్వాలేదు అనుకుంటాం గానీ ఒక్క రోజు కొలిచి చూడండి, ఎన్ని బకెట్ల నీళ్ళు మోరీలోకి పోతున్నాయో తెలుస్తుంది. నన్నడిగితే రంగుకంటే ముందు నీళ్ళ సంగతే చూసుకోవాలి.

1. ఆర్డర్ వచ్చాకే రంగెయ్యండి. ఒక దసరాకి ముందు 30 దుపట్టాలు ఒకేసారి వేసి పెట్టా, సగం బీరువాలోనే ఉండిపోయాయి. ఆ నీళ్ళు, గ్యాస్, రెక్కల కష్టం అన్నీ పోయినట్టే. ఇప్పుడు షేడ్ కార్డుగా చిన్న ముక్కలు మాత్రం వేసి చూపిస్తున్నా.

2. గుడ్డని పొడిగా ఉన్నప్పుడే తూచండి. కిలో గుడ్డకి 200 గ్రాముల కరక్కాయ పొడి, 150 గ్రాముల పటిక చాలు, అందాజాగా గుప్పెళ్ళతో వేస్తే సగం వేస్టే. కోరా గుడ్డయితే ముందు బట్టల సోడాతో ఉడికించి గంజి పోగొట్టాలి, తర్వాత కరక్కాయ నీళ్ళు, ఆ తర్వాత పటిక. పెడన, మచిలీపట్నం కలంకారీ వాళ్ళు తరతరాలుగా కరక్కాయే వాడతారు, దాని వగరు, పటిక కలిసే రంగుని గుడ్డకి పట్టిస్తాయి. రంగు పట్టడానికి కొందరు పటిక బదులు వాడే క్రోమ్, మైలుతుత్తం విషాలు, వాటి జోలికి మాత్రం అస్సలు వెళ్ళకండి. వంట గిన్నెలు కూడా ఈ పనికి వాడొద్దు.

3. రంగు సరుకు కొనక్కర్లేదు. జ్యూస్ షాపువాళ్ళని అడిగితే దానిమ్మ తొక్కలు, గుళ్ళో అడిగితే వాడిన బంతిపూలు ఇస్తారు, రెండూ పసుపు షేడ్లే ఇస్తాయి. వంట పసుపు, బీట్‌రూట్ వద్దు, అవి నిలవవు, వెలిసిపోయిన దుపట్టా కస్టమర్ పక్కన పడేస్తే అదే పెద్ద చెత్త. ఏ రంగైనా అమ్మే ముందు చిన్న ముక్కని సగం అట్టకింద దాచి వారం రోజులు ఎండలో పెట్టండి, రెండు సగాలకీ తేడా బాగా కనిపిస్తే ఆ రంగు అమ్మకండి.

4. అసలు పొదుపు జాడింపులోనే ఉంది. మూడు టబ్బులు వరసగా పెట్టండి. రంగేసిన గుడ్డ మొదటి టబ్బులో ముంచి పిండి, రెండోదాంట్లో, ఆఖరికి మూడోదాంట్లో తీస్తాం కదా, ఆ బ్యాచ్ అవ్వగానే మూడూ పారబొయ్యకండి. మొదటి టబ్బు నీళ్ళొక్కటే తీసెయ్యండి, రెండోదాంట్లోవి మొదటిదాంట్లోకి, మూడోవి రెండోదాంట్లోకి వంపేసి, కొత్త నీళ్ళు మూడో టబ్బుకే పట్టండి. అంటే రెండో బ్యాచ్ నించీ మూడు టబ్బుల బదులు ఒక్క టబ్బు నీళ్ళే ఖర్చు!

డై నీళ్ళు, అంటే తొక్కలు, పూలు ఉడికించి తీసిన రంగు నీళ్ళు కూడా అంతే, ఒక్కసారికే పారబొయ్యకండి. గుడ్డ వేసి గంటసేపు సన్నసెగ మీద పెట్టి స్టవ్ ఆపేసి రాత్రంతా అలాగే వదిలేస్తే గ్యాస్ మిగులుతుంది, రంగూ బాగా ఎక్కుతుంది. తెల్లారి అదే నీళ్ళలో ఇంకో గుడ్డ వేస్తే లేత షేడ్, మూడోసారి ఇంకా లేత షేడ్. ఉడికిన తొక్కలు, పూలు కంపోస్టుకి, పటిక నీళ్ళు మాత్రం మొక్కలకి పొయ్యకండి.

5. కత్తిరింపుల్లో మిగిలిన గుడ్డ ముక్కలు ఒక సంచీలో వేస్తూ పోతే పొట్లీలకి, జుట్టు రబ్బర్లకి పనికొస్తాయి, మరీ పేలికలైతే బొంతలోకి. ప్యాకింగ్‌కి కొత్త ప్లాస్టిక్ కొనకండి. వానాకాలంలో పేపర్ కవర్ తడిసి ఒక పార్సిల్ మొత్తం పాడైంది నాకు, అప్పట్నించీ మనకి గుడ్డ వచ్చిన కవర్లనే తుడిచి లోపల వాడుతున్నా.

6. టాగ్ మీద నిజమే రాయండి. ఆధారం లేకుండా ఎకో ఫ్రెండ్లీ, గ్రీన్ లాంటివి వాడొద్దని 2024 అక్టోబర్‌లో కేంద్రం గైడ్‌లైన్స్ కూడా తెచ్చింది. నేనైతే "దానిమ్మ తొక్క, కరక్కాయ, పటిక, మూడో నీళ్ళ షేడ్" అని రాస్తా, మూడో నీళ్ళంటే ఏంటండీ అని అడిగినవాళ్ళకి ఒకే డై నీళ్ళలో మూడుసార్లు వేసిన గుడ్డల ఫొటో పంపిస్తా.