బుడమేరు వాగు పక్కన ఉండేవాళ్లు వానాకాలానికి ముందే చూసుకోవాల్సినవి

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. ముందు రోజంతా కుండపోత. పొద్దున వాన కాస్త తెరిపిచ్చింది కదా, గండం గడిచిందనుకున్నాం. విజయవాడ సింగ్‌నగర్‌లో మా వీధిలోకి నీళ్లు వచ్చింది ఆ తర్వాతే. మోకాలి లోతే కదా, మధ్యాహ్నానికి తీస్తాయిలే అని సామాన్లన్నీ మంచం మీదికి చేర్చాం. సాయంత్రానికి మంచమే మునిగింది. మేడ మెట్ల మీద నుంచి కిటికీలోకి చూస్తే ఫ్రిజ్ వెల్లకిలా తేలుతూ గోడకు కొట్టుకుంటోంది.

అందుకే మొదటి జాగ్రత్త ఇది. మన వీధిలో వాన పడుతోందా లేదా అన్నది లెక్కలోకి తీసుకోకండి. బుడమేరు మైలవరం వైపు కొండల నుంచి వచ్చి కొల్లేరులో కలిసే వాగు. వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర దాని వరదను డైవర్షన్ కాలువలోకి మళ్లించి, ఇబ్రహీంపట్నం వైపు కృష్ణలోకి వదులుతారు. కృష్ణ నిండుగా పారుతుంటే ఆ నీళ్లు నదిలోకి దిగవు, వెనక్కి ఎగదన్నుతాయి. ఆ రెండు రోజుల్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. డైవర్షన్ కాలువ గట్టుకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. ఆ నీళ్లే సింగ్‌నగర్, పాయకాపురం, కండ్రిక, రాజరాజేశ్వరిపేటల మీద పడ్డాయి. 2005లోనూ బుడమేరు ముంచింది. ఇన్నేళ్లయింది, ఇక రాదులే అని మేమే మర్చిపోయాం.

కాబట్టి మైలవరం వైపు గట్టి వాన, అదే సమయంలో బ్యారేజీ గేట్లన్నీ ఎత్తారన్న వార్త, ఈ రెండూ కలిసి వినిపిస్తే నీళ్లు గుమ్మం దాకా వచ్చేదాకా ఆగొద్దు. నేల అంతస్తులో ఉండేవాళ్లు, గర్భిణులు, డయాలసిస్ చేయించుకునేవాళ్లు, పసిపిల్లల తల్లులు ముందే బంధువుల ఇంటికో పునరావాస కేంద్రానికో వెళ్లిపోవడం మంచిది. నీళ్లు రాకపోతే ఆటో చార్జీ దండగ, అంతే కదా. వచ్చాక బయటపడాలంటే పడవ దొరకాలి, ఆ పడవ మీ సందులోకి దూరాలి.

ఫోన్‌లో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ వాళ్ల సచేత్ యాప్ పెట్టుకోండి. 112, 1070 నంబర్లు ఫోన్‌లోనే కాకుండా కాగితం మీద రాసి బీరువా తలుపుకి అంటించండి. కరెంటు పోతే ఫోన్ చార్జింగ్ ఎంతోసేపు ఉండదు. ఇంట్లో పాత బటన్ ఫోన్ ఉంటే పారేయకండి, ఒక్క చార్జింగ్‌తో రోజుల తరబడి వస్తుంది.

ఇక నీళ్లు. చుట్టూ నీళ్లే, తాగడానికి చుక్క ఉండదు. మనిషికి రోజుకి మూడు లీటర్లు వేసుకున్నా నలుగురికి మూడు రోజులకి 36 లీటర్లు. అంటే రెండు 20 లీటర్ల టిన్నులు. తుఫాను హెచ్చరిక రాగానే వాటిని పై అంతస్తుకి చేర్చండి, ఓవర్‌హెడ్ ట్యాంకు నిండా పట్టేయండి. తర్వాత సంపులో కలిసేది మురుగే. అటుకులు, మరమరాలు, బిస్కెట్లు, పాలపొడి లాంటివి పొయ్యి లేకపోయినా కడుపు నింపుతాయి. బీపీ, షుగర్ మందులు కనీసం పది రోజులకి సరిపడా ఉంచుకోండి.

నీళ్లు గుమ్మం ఎక్కకముందే కరెంటు మెయిన్ ఆపేయాలి. ఎక్కాక తడి చేతులతో స్విచ్ బోర్డు దగ్గరికి వెళ్లొద్దు. గ్యాస్ రెగ్యులేటర్ కట్టేసి, సిలిండర్‌ను కిటికీ ఊచలకి తాడుతో కట్టండి. ఖాళీదైతే తేలిపోతుంది. ఇన్వర్టర్ బ్యాటరీ నేల మీదే ఉంటే ఇప్పుడే ఎత్తులోకి మార్పించండి. వరద తీశాక కూడా ఎలక్ట్రీషియన్ చూసేదాకా మెయిన్ వేయకండి.

బండి మునిగితే దయచేసి సెల్ఫ్ కొట్టొద్దు. లోపలికి వెళ్లిన నీళ్లతో స్టార్ట్ చేస్తే ఇంజన్ పాడవుతుంది, తోసుకునే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి. ఇన్సూరెన్స్ కాగితం ఈ వారమే తీసి చూడండి. థర్డ్ పార్టీ మాత్రమే ఉంటే వరద నష్టానికి రూపాయి రాదు.

ఆధార్, పట్టాదారు కాగితాలు, పిల్లల సర్టిఫికెట్లు జిప్ కవర్లో పెట్టి అటక మీద ఉంచండి. మా పక్కింటి అమ్మాయి టెన్త్ మార్కుల లిస్టుని ఒక్కో మూలా పట్టుకుని మడ్డిలోంచి విడదీయడం చూశాను, అక్షరాలన్నీ వేళ్లకే అంటుకున్నాయి. అద్దెకుండేవాళ్లు అద్దె అగ్రిమెంటు కూడా కలపండి. 2024లో ప్రభుత్వం నేల అంతస్తు ఇళ్లకు 25 వేలు, పై అంతస్తులకు 10 వేలు ఇచ్చింది. అలాంటప్పుడు ఆ ఇంట్లో ఉంటున్నది మీరేనని చూపించుకోవాల్సి వస్తుంది. ఇంట్లో వస్తువులన్నిటికీ ఇప్పుడే ఒకసారి వీడియో తీసి పెట్టుకోండి.

ఇంటి బయట పని ఇంకా పెద్దది. జూన్‌లోపు డ్రైన్లలో పూడిక తీయించాలని వార్డు సచివాలయంలో నలుగురూ కలిసి వెళ్లి అడగండి. తీసిన పూడికను కాలువ ఒడ్డునే కుప్ప పోసి వదిలేస్తే మొదటి వానకే మళ్లీ లోపలికి జారుతుంది, లారీ ఎత్తేదాకా వదలొద్దు. గట్ల వైపు వెళ్లేవాళ్లు ఎలుక బొరియలు, బుంగలు, ఊట కనిపిస్తే ఫోటో తీసి ఇరిగేషన్ వాళ్లకి పంపండి. బుంగ చిన్నగా ఉన్నప్పుడు పది ఇసుక బస్తాలతో ఆగుతుంది. గండి పడ్డాక పూడ్చడానికి సైన్యం దిగాల్సి వచ్చింది.

మా వీధి చివరింట్లో మంచాన పడ్డ మామ్మగారు ఉన్నారు. అప్పుడు ఆవిడ సంగతి అందరికీ గుర్తొచ్చేసరికి నడుం లోతు వచ్చేసింది. ఈసారి వీధి వాట్సాప్ గ్రూపులో ముందే రాసుకున్నాం. ఆవిడను మోయడానికి ఇద్దరు కుర్రాళ్లు, వాళ్లు ఊళ్లో లేకపోతే ఇంకో ఇద్దరు, చేతులున్న ప్లాస్టిక్ కుర్చీ ఒకటి, ఎదురింటి మేడ మీద గది. తాళంచెవి ఎవరి దగ్గరుందో కూడా.