తల్లిలేని గొర్రెపిల్లల పెంపకం, 4వ పాఠం: పాల లెక్క

పోయిన పాఠంలో ముర్రుపాలు పట్టడం నేర్చుకున్నాం. పుట్టిన ఆరు గంటల్లోపు కిలో బరువుకు 50 మి.లీ. ముర్రుపాలు కడుపులో పడకపోతే ఇవాళ వేసే లెక్కంతా వృథా. ఆ పాఠం చదవనివాళ్లు ముందు అది చదివి రండి.

ఇక పుస్తకం, పెన్ను తీసుకోండి. నెల్లూరు జోడిపి అనే గొర్రెజాతి పిల్ల, పుట్టినప్పుడు 3 కిలోలు ఉందనుకుందాం. రోజుకు సగటున 600 మి.లీ. పాలు, 45 రోజులకు 27 లీటర్లు. లీటరు 60 రూపాయలైతే 1,620. మూడు నెలలు నిండేదాకా దాణా 15 కిలోలు, కిలో 30 చొప్పున 450. నట్టల మందు, టీకాలకు 150. మొత్తం 2,220. మూడు నెలలకు 11 కిలోలు తూగి, సంతలో కిలో 350 పలికితే 3,850 వస్తుంది. మిగిలేది 1,630. ధరలు మీ ఊరివి వేసుకోండి, పద్ధతి మాత్రం ఇదే.

అదే పిల్లకు 90 రోజులూ పాలు పట్టారనుకోండి. రోజుకు 700 మి.లీ. చొప్పున 63 లీటర్లు, 3,780 రూపాయలు. పిల్ల ధర పాలకే సరిపోయింది. మొదటి ఏడాది నేను చేసిన తప్పు ఇదే. సీసా చూడగానే పరిగెత్తుకొచ్చే పిల్లకు పాలు మాన్పించడానికి మనసొప్పలేదు.

మాన్పించడానికి తేదీ ఒక్కటే చూడకండి. బరువు పుట్టినప్పటికి రెండున్నర రెట్లు దాటాలి, రోజుకు 100 నుంచి 150 గ్రాముల దాణా తినాలి. అందుకే రెండో వారం నుంచే గుప్పెడు దాణా, లేత అవిశ ఆకు ముందు పెట్టాలి.

ఇంట్లో పాడి మేక ఉంటే లెక్క మారిపోతుంది. చాలా ఊళ్లలో మేకపాలు కొనేవాళ్లు ఉండరు కాబట్టి ఆ 1,620లో చాలాభాగం మిగులుతుంది. మందలో ఒకటి రెండు మేకలను కలిపి మేపే కాపరులకు ఇది తెలిసిన సంగతే. పిల్ల చచ్చిన తల్లిగొర్రె దొరికితే ఇంకా మేలు. చచ్చిన పిల్ల తోలు ఒకట్రెండు రోజులు మన పిల్లకు కప్పితే, వాసన పట్టి దగ్గరికి రానిస్తుంది.

చావునూ, కూలినీ వదిలేసి లాభం చెప్పుకోవడం నాకిష్టం లేదు. నాలుగు పిల్లల్లో ఒకటి పదిహేనో రోజు పోతే దాని పాలఖర్చు 540 మిగతా మూడింటి మీద పడుతుంది. ఆ మూడింటి మీద 1,630 చొప్పున మిగిలే 4,890లో అది తీసేస్తే 4,350. రోజుకు గంట చొప్పున 45 గంటల పని, గంటకు 50 వేసుకుంటే 2,250. చివరికి చేతిలో మిగిలేది 2,100.

అభ్యాసం: పాల ధర 80 అయితే ఈ నాలుగు పిల్లల లెక్క ఎంతకు వస్తుందో వేసి చూడండి. వచ్చే పాఠంలో దాణా కలపడం.