పాత సర్వే షీటుతో ఆల్సెక్ లోయ మ్యాపు – 3వ పాఠం: షీటును నేలకు కుదర్చడం

పోయిన పాఠంలో అమెరికా భూగర్భ సర్వే సంస్థ (యూఎస్‌జీఎస్) వారి పాత మ్యాపుల సైటు టోపోవ్యూ నుంచి అలాస్కా పాత షీటు డౌన్‌లోడ్ చేసుకున్నాం. ఈసారి దాన్ని క్యూజీఐఎస్ అనే ఉచిత మ్యాపు సాఫ్ట్‌వేర్‌లో నేలకు కుదురుద్దాం, అంటే షీటు మీది ప్రతి చోటూ నేల మీది అసలు చోటుతో సరిపడేలా చేద్దాం.

ముందు షీటు అడుగు అంచు చదవండి. స్కేలు 1:63,360, అంటే మ్యాపు మీద అంగుళం నేల మీద మైలు. అచ్చయిన ఏడాది కంటే మనకు ముఖ్యం, విమానం నుంచి ఫొటోలు తీసిన ఏడాది. గ్లేసియర్ (హిమానీనదం) అంచు ఆ ఫొటోల నాటిదే కాబట్టి నోట్సులో అదే రాసుకోండి.

డేటమ్ (అక్షాంశ రేఖాంశాలను ఏ ఆధారంతో లెక్కించారో చెప్పేది) ఎన్ఏడీ27, అంటే 1927 నాటి ఉత్తర అమెరికా డేటమ్ అని ఉంటే అదే ఎంచుకుని, నాలుగు మూలల అక్షాంశ రేఖాంశాలు ఇవ్వండి. షీటు కూర్చుంటుంది. సరిగ్గా కూర్చుందా లేదా అన్నది ఉపగ్రహ చిత్రంతో పోల్చి చూడాలి. ఇక్కడే చాలామంది రెండు నదులు కలిసే చోటును గుర్తుగా పట్టుకుంటారు. దయచేసి వద్దు! మంచు కరిగి వచ్చే నది ఇసుక, గులకరాళ్లు మోసుకొస్తూ పాయలు పాయలుగా పారుతుంది. ఒక్క వేసవి వరద చాలు, పాయ ఇంకో దారి పట్టడానికి.

గుర్తులుగా రాతి శిఖరాలు, గట్లు కలిసే చోట్లు తీసుకోండి. ఆల్సెక్ సరస్సు దగ్గరి ప్రౌ నాబ్ కొండనే చూడండి. 20వ శతాబ్దం మొదట్లో ఆల్సెక్ గ్లేసియర్ ఈ కొండను దాటి, పడమరగా సుమారు 5 కిలోమీటర్ల దూరంలోని గేట్‌వే నాబ్ దాకా ఉండేది. శతాబ్దం మధ్యకు వెనక్కి తగ్గినా, ఈ కొండను ఇంకా చుట్టుకునే ఉంది. 2025 వేసవిలో మంచు పూర్తిగా వదిలేయడంతో కొండ కాస్తా సరస్సులో దీవి అయిపోయింది. చుట్టూ ఇంత జరిగినా శిఖరం ఉన్నచోటే ఉంది.

అన్నట్టు, మంచు మీది కాంటూర్లు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) నీలం రంగులో ఉంటాయి. ఎగువ మంచు మైదానాల్లో వాటిని మరీ నమ్మకండి. ఫొటో అంతా తెల్లగా ఉంటే ఒకే చోటును రెండు కోణాల నుంచి తీసిన జంట ఫొటోల్లో ఎత్తు పోల్చుకోవడానికి ఆనవాలే దొరకదు.

ఇక అభ్యాసం. ఆరు రాతి గుర్తుల దగ్గర షీటుకూ చిత్రానికీ తేడా కొలవండి. అమెరికా ప్రమాణం ప్రకారం స్పష్టమైన గుర్తుల్లో 90 శాతం, మ్యాపు మీద అంగుళంలో 50వ వంతు లోపు తేడాతో ఉండాలి. ఈ స్కేలులో అది సుమారు 32 మీటర్లు. అన్నీ ఒకే దిక్కుకు వంద మీటర్లకు పైగా జరిగితే డేటమ్‌ను అనుమానించండి. ఒక్కోటి ఒక్కో దిక్కుకు పోతే మూలలు మళ్లీ క్లిక్ చేయండి, లేదా స్కాన్‌లో కాగితం ముడత పడిందేమో చూడండి. ఈ లెక్క కుదిరాకే గ్లేసియర్ అంచు గీయడం మొదలుపెట్టండి.