త్రీడీ ప్రింట్ శ్వాసనాళంతో ప్రాక్టీస్ ఇలా చేయించండి

రెస్పిరేటరీ థెరపీ (శ్వాస చికిత్స) స్టూడెంట్ సక్షన్ కెథెటర్ (కఫం లాగే సన్నటి గొట్టం) మొదటిసారి పట్టుకునేది పేషెంట్ దగ్గర కాకూడదు, అంతే. ముందు త్రీడీ ప్రింటర్‌తో శ్వాసనాళం మోడల్ చేసి దాని మీద నేర్పండి. పేరూ వివరాలూ తీసేసిన ఛాతీ సీటీ స్కాన్ ఒకటి అనుమతితో తీసుకోండి, స్లైసులు (స్కాన్‌లోని ఒక్కో పొర) 1 మిల్లీమీటరో అంతకన్నా పల్చగానో ఉంటే మంచిది. దాన్ని త్రీడీ స్లైసర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, గాలి వెళ్లే దారిని వేరుచేసి, చుట్టూ 2 మిల్లీమీటర్ల గోడ కట్టి, ఆ గోడను మాత్రమే ప్రింట్‌కి పంపాలి. నేను మొదటిసారి గాలి భాగాన్నే పంపేశాను, రాత్రంతా ప్రింటర్ తిరిగాక పొద్దున చూస్తే లోపల బోలే లేని చెట్టుకొమ్మ!

పీఎల్ఏ అనే ప్రింటింగ్ ప్లాస్టిక్ గట్టిగా ఉంటుంది, చూపించడానికి సరే. శ్వాస ట్యూబు దూర్చాలంటే టీపీయూ అనే మెత్తటి ప్లాస్టిక్ వాడండి, లోపల జారుడు జెల్లీ బాగా రాయండి, లేకపోతే ట్యూబు పట్టేస్తుంది.

ఇప్పుడు మోడల్ మీద గుడ్డ కప్పి ట్యూబు లోపలికి తోయమనండి, ఎక్కడ ఆగిందో చెప్పించాకే గుడ్డ తీయండి. మరీ లోతుకు తోస్తే ఎక్కువసార్లు కుడి వైపే వెళ్తుంది, ఎందుకంటే కుడి బ్రాంకస్ (కుడి ఊపిరితిత్తికి వెళ్లే గాలి గొట్టం) వెడల్పుగా, పొట్టిగా, కాస్త నిటారుగా ఉంటుంది. పుస్తకంలో పదిసార్లు చదివినవాళ్లు కూడా అప్పుడు "అరె" అంటారు.

సక్షన్‌కి కఫం బదులు చిక్కటి గంజిలో చిటికెడు పసుపు కలిపి పోయండి. కెథెటర్ వెనక్కి లాగేటప్పుడే సక్షన్, మొత్తం 15 సెకన్లు దాటకూడదు, పక్కన ఒకరు ఫోన్‌లో టైమర్ పెట్టాలి. అయిపోగానే కడిగేయండి, గంజి ఎండితే వదలదు.