వెస్ట్ పాకెట్ కొడాక్ చేతికొస్తే: ఎలా తెరవాలి, ఎలా మూయాలి

మ్యూజియం వాళ్ళు దయతల్చి వెస్ట్ పాకెట్ కొడాక్ అనే ఈ పాత మడత కెమెరా చేతికిచ్చారా, టకీమని తెరిచెయ్యకండి, ముందు వెనక్కి తిప్పి ఎర్ర కిటికీ చూడండి. అందులో అంకెగానీ కాయితంగానీ కనిపిస్తే లోపల ఫిల్మ్ ఉన్నట్టే, ఇక పక్క మూత జోలికే వెళ్ళొద్దు, ఫిల్మ్ చుట్టే పిడి తిప్పొద్దు, ఇన్‌ఛార్జ్‌కి చెప్పండి. కడగని ఫోటోలు ఉండొచ్చు, పైగా అప్పటి ఫిల్మ్ నైట్రేట్ అనే పాతకాలపు ప్లాస్టిక్‌ది అయితే ఇట్టే నిప్పంటుకుంటుంది. 1924లో ఎవరెస్ట్ నుంచి తిరిగిరాని పర్వతారోహకుడు మలోరీ వెంట తీసుకెళ్ళాడని చెప్పే కెమెరా కూడా ఇదే రకం, దాని కోసం ఇప్పటికీ వెతుకుతున్నది లోపలి ఫిల్మ్ కోసమే కదా.

ఇక తెరవడం. టేబుల్ మీద మెత్తటి గుడ్డ పరవండి, నైట్రైల్ గ్లౌజులు వేసుకోండి, లెన్స్ పట్టుకుని లాగడం మాత్రం వద్దు. లెన్స్ ఉన్న ముందువైపు పలక రెండు చివర్లూ రెండు చేతుల వేళ్ళతో పట్టుకుని సమానంగా లాగితే పక్కన కత్తెర కడ్డీలు విప్పుకుని బెలోస్, అంటే హార్మోనియం తిత్తిలా మడతలుండే తోలు గొట్టం, సాగుతుంది. ఫోకస్ తిప్పే పని లేదు, సాదా మోడల్‌లో అది ఫిక్స్‌డ్. ఫిల్మ్ లేదని తేలితే గది చీకటి చేసి, పక్క మూత తీసి పెన్ టార్చ్ వెలుగు పంపండి, బెలోస్ మడత మూలల్లో చుక్కల్లా మెరిస్తే అవి చిల్లులు. తోలు ఎండిపోయిందని కొబ్బరి నూనె రాయాలనిపిస్తుంది చూడండి, రాయొద్దు. షట్టర్‌కి కూడా ఆయిల్ వెయ్యొద్దు, రేకులు అంటుకుపోతాయి.

1915 నుంచి వచ్చిన ఆటోగ్రాఫిక్ అయితే వెనక బుల్లి తలుపు ఉంటుంది, దాన్ని తీసి లోహపు పుల్లతో రాస్తే నెగటివ్ అంచున తేదీ పడేది. ఇప్పుడు రాసి చూడకండి బాబూ.

అసలు ప్రమాదమంతా మూసేటప్పుడే. నేనోసారి ఒక బొటనవేలితో ఓ పక్కే నొక్కాను, కడ్డీ వాలిపోయి బెలోస్ మడత ఇరుక్కుంది, ఇన్‌ఛార్జ్ గారు ఏమీ అనలేదుగానీ ఆ చూపు చాలు. రెండు పక్కలా ఒకేలా నొక్కండి, ఎక్కడైనా బిగుసుకుంటే బలం పెట్టకుండా మళ్ళీ పూర్తిగా లాగి మొదట్నుంచీ మొదలెట్టండి. మడతలు వాటంతటవే లోపలికెళ్ళాలి, వేలితో తోశారా, ఆ మూలే చిరుగుతుంది.